రాణి రవికెకు తెచ్చుకున్న గుడ్డ

ఆదివారం, ఆదోని

కుట్టు మిషన్ తొక్కమంటే పారిపోయే నేను ఈపొద్దు ఎమ్మిగనూరు పోయి గుడ్డ తెచ్చుకున్నాను. టీవీలో రాజుల సీరియల్ చూసినప్పటి నుంచి ఆ రాణి తొడుక్కునే పొడుగు చేతుల రవికె మీదే మనసు. నేతపని చేసే రంగప్పన్న పెద్దంచు ముదురెరుపు గుడ్డ చేతికిచ్చి, "ఈ అంచు నేసేది ఇదే ఆఖరు మా, అడిగేవాళ్లు లేరు" అనినాడు. బస్సులో దాన్ని ఒళ్లో పెట్టుకుంటే బరువుగా అనిపించింది.

కుట్టివ్వమని అమ్మకిచ్చినాను. వీధిలో అందరికీ కుట్టే అమ్మ, "నీకు నచ్చిన గుడ్డ, నువ్వే కుట్టుకో" అనింది.

"చెడిపోతే మళ్లీ దొరకదు మా!"

"అందుకే జాగ్రత్తగా కోస్తావు."

సుద్దతో గీత గీసి, కత్తెర పట్టుకుని కోసినాను. వీపు ముక్క రవ్వంత వంకర పోయింది. అమ్మ చూసి, కుట్టులో సర్దుకుంటుందిలే అనింది. ముందు వైపు ముక్కలు రేపు కోయాల. ఎప్పుడు తెల్లారుతుందా అని ఉంది.