బావగారు పెట్టమన్న సంతకం

గుంటూరు,
బుధవారం.

తర్లుపాడులో ఉన్న బావగారికి నమస్కారాలు.

పాదం తీసేయడానికి మీరు పెట్టమన్న సంతకం నేను పెట్టలేదు. పలకరాయి పడి చితికిన మీ తమ్ముడి పాదం షుగర్ వల్ల మానడం లేదు, నిజమే. కానీ "పాదం తీసేస్తే క్వారీకి ఎట్ల పోయేది?" అని ఆయన ఏడ్చారు. అందుకే ఇక్కడి ఆసుపత్రిలో కొత్తగా పరీక్షిస్తున్న వైద్యానికి ఒప్పుకున్నాను. ఆయన తుంటి ఎముకలోంచి మజ్జ తీసి, అందులోని మూలకణాలను పుండు చుట్టూ ఎక్కించారు.

"నయమవుతుందని మాట ఇవ్వలేనమ్మా. చీము పైకి పాకితే పాదం తీయక తప్పదు" అన్నాడు డాక్టరు.

ఈరోజు కట్టు విప్పారు. ఆయన కళ్లు మూసుకుని, "ఏంది, నల్లగుందా?" అని అడిగారు. పుండు అంచున ఎర్రగా కొత్త కండ కనిపించింది. ఆ మాట చెప్పగానే నా చెయ్యి పట్టుకుని నిద్రపోయారు. గండం గడవడానికి ఇంకా రెండు వారాలు పడుతుందట.

కోపమున్నా ఒకసారి రండి. ఆయన పక్కన మీరు కూర్చుంటే, నేనూ కాసేపు కన్ను మూస్తాను.

మీ మరదలు