గురువారం దాకా సీలు వేయించుట గురించి

పుంగనూరు తహశీల్దారు గారి సముఖమునకు,
అదే ఊరిలో డ్రిప్పు పైపుల అంగడి నడుపుకొను ముద్దుకృష్ణ సమర్పించు అర్జీ.

విషయం: నా భార్యకు గర్భం నిలిచినదీ లేనిదీ తెలుపు పరీక్ష కిట్లను గురువారం దాకా తమ కార్యాలయమున సీలు వేసి భద్రపరచుట గురించి.

అయ్యా,

నా భార్య పేరు కృష్ణవేణి, పుట్టిల్లు కుప్పం. మాకు పెళ్ళయి తొమ్మిదేళ్ళు. ఇటీవల మదనపల్లిలో ఒక సంతాన చికిత్స ఆసుపత్రిలో ఆమె గర్భంలో పిండాన్ని ప్రవేశపెట్టారు. ఇది రెండో ప్రయత్నం. మూడోదానికి ఆమె ఒప్పుకోదు కనుక ఇదే ఆఖరుదని కూడా మనవి. రెండు వారాలు ఆగి గురువారం రక్తపరీక్షకు రమ్మనీ, ఈలోగా ఇంట్లో ఏ పరీక్షా చేయవద్దనీ డాక్టరమ్మ ఆదేశించారు. సదరు ఆదేశం మా ఇంట ఒక్కపూట కూడా అమలు కానందున ఈ క్రింది ఇబ్బందులు తమ దృష్టికి తెస్తున్నాను.

1. నా తల్లి రెడ్డెమ్మ టమోటా రైతు. వారం తిరక్కుండానే కోడలిచేత పరీక్ష చేయించింది. రెండో గీత వచ్చింది, కానీ ఉందా లేదా అన్నంత లేతగా. చికిత్సలో వేసిన ఇంజెక్షన్‌లో ఉండేది కూడా గర్భిణుల ఒంట్లో పుట్టే హార్మోనేనట. అది ఒంట్లోంచి పూర్తిగా పోయేదాకా కిట్టు దాన్ని చూసి కూడా గీత చూపిస్తుందట. ఈ సంగతి డాక్టరమ్మ ఫోనులో ఓపిగ్గా వివరించారు. నా తల్లి అంతా విని ఇలా సెలవిచ్చింది:

"దోరకాయ కోసి లారీకెత్తితే మార్కెట్టు చేరేలోగా రంగు తిరగతాదా లేదా? ఇదీ అంతేప్పా."

తదుపరి ఆ కిట్టును కవరులో చుట్టి బియ్యం డబ్బాలో మాగవేసినది. పూటకోసారి పైకి తీసి రంగు చూస్తున్నది. మాకు అన్నం కూడా ఆ బియ్యంతోనే వండుతున్నారని తమరు గమనించ ప్రార్థన.

2. లేత గీత సమాచారం ఆ రోజే కుప్పం చేరింది. మా మామగారు గురుమూర్తి, అత్తగారు, బావమరిది చరణ్ పట్టుచీరతో, అరటిగెలతో బస్సు దిగారు. మరుసటి పరీక్షలో గీత లేదు. ఆ పూట పొయ్యి వెలిగించలేదు, అరటిపండ్లతో సరిపెట్టుకున్నాము. ఆ తర్వాతి పరీక్షలో మామగారు కళ్ళజోడు తుడుచుకొని ఉందన్నారు. చరణ్ సెల్‌ఫోను లైటు వేసి లేదన్నాడు. మా ఇంట్లో పొద్దున ఏర్పడిన ప్రభుత్వం మధ్యాహ్నానికి పడిపోతున్నది. పక్కింటి లాల్ బీ గారు గోడ మీదుగా ఈ రోజు ఎన్ని గీతలని అడిగి, దాన్నిబట్టి మాకు సేమ్యా పాయసమో ఓదార్పో పంపుతున్నారు. ముందే చూస్తే నిజంగా నిలిచినా కనబడకపోవచ్చునట. అంటే గీత వచ్చినా నమ్మడానికి లేదు, రాకున్నా నమ్మడానికి లేదు. అయినా చూస్తున్నాము.

3. వద్దనుకొన్నా కిట్లు ఇంట్లోకి ఎలా వస్తున్నాయో అంతుబట్టకున్నది. మెడికల్ షాపు మోసిన్‌ను నలుగురి ముందు నిలదీయగా, అతను నా మొహం చూసి తల దించుకున్నాడే తప్ప పేరు చెప్పలేదు. ఈ విషయమై సమగ్ర విచారణ జరిపించ ప్రార్థన.

4. ఇది ఫిర్యాదు కాదు, అయినా నంబరు వేశాను. మొదటి ప్రయత్నంలో కూడా ఇలాగే తొందరపడి చూసి, గీత వచ్చిందని దూలానికి ఊయల కొక్కెం బిగించాము. తర్వాత రక్తపరీక్షలో లేదన్నారు. నా భార్య నా ముందు ఏడవలేదు. స్నానాల గదిలోకి పోయి కుళాయి తిప్పుకొని, తొట్టి నిండి నీళ్ళు వాకిట్లోకి వచ్చేదాకా ఏడ్చింది. నేను తలుపు బయటే నిలబడి ఉన్నాను. ఆ కొక్కెం ఇంకా అక్కడే ఉంది. దాన్ని పీకేయడానికి నాకు చెయ్యి రావడం లేదు. అయ్యా, నాకు చాలా భయంగా ఉంది.

వైద్యానికి సంబంధించిన దానికి తమరినెందుకు ఆశ్రయించానని సందేహం రావచ్చు. ఎన్నికలప్పుడు ఓట్ల పెట్టెలున్న గదికి తమరు లక్క సీలు వేసి కాపలా పెట్టించారు. నేను ఏజెంటుగా అక్కడే ఉన్నాను. మా అభ్యర్థి దాసప్ప, లోపలికి రాననీ, కిటికీలోంచి ఒక్కసారి చూసి పోతాననీ బతిమాలితే తమరు చెప్పిన మాట నాకింకా గుర్తు:

"లెక్కింపు రోజు రాప్పా. లోపల ఉండేది యాడికీ పోదు."

ఆ మాట ఇప్పుడు మా ఇంటికి కావాలి.

కావున తమరు దయతలచి, మా ఇంట్లోనివీ, మోసిన్ అంగట్లోనివీ కిట్లన్నిటినీ, వాటితోపాటు సదరు బియ్యం డబ్బానూ స్వాధీనపరచుకొని సీలు వేయించవలసినదిగానూ, గురువారం ఫలితం వెలువడు వరకు ఇరుపక్షాల బంధువులను నా భార్యకు వంద మీటర్ల దూరంలో ఉంచవలసినదిగానూ వేడుకొంటున్నాను. ఆలస్యమైతే రేపు పొద్దున మళ్ళీ పరీక్ష జరిగిపోవునని చిత్తగించవలెను.

ఇట్లు,
తమరి లక్కముద్ర మీదే ఆశ పెట్టుకున్న విధేయుడు,
ముద్దుకృష్ణ

తాజాకలం: సార్, నేను కృష్ణవేణిని. ఈయన రాత ఈయనకే అర్థం కాదు, అందుకే నన్ను ఫెయిరు చేయమన్నాడు. ఒక్క ముక్క మార్చకుండా రాసినాను. తలుపు బయట ఈయన నిలబడి ఉండాడని నాలుగోది రాసేటప్పుడే నాకు తెలిసింది.

మోసిన్ దగ్గర కిట్లు కొనేది ఈయనే సార్. మా అత్తకు అవి ఏ అంగట్లో దొరకతాయో కూడా తెలీదు. పొద్దున్నే నా దిండు కింద పెట్టి, ఏమీ తెలీనట్టు పోయి పళ్ళు తోముకుంటాండాడు. ఆ భయం చూడలేకనే నేనూ చేస్తాండాను.

కాబట్టి కిట్లకు సీలు వద్దు. ఈయన్నే గురువారం దాకా మీ ఆఫీసులో కూచోబెట్టుకోండి. ఫైళ్ళు మోస్తాడు, పని చెప్తే చేసే మనిషే. క్యారియరు నేను పంపిస్తాను, కొత్త బియ్యంతోనే. మా అత్తను తోడు తీసుకొని మదనపల్లికి నేనే పోయి రక్తం ఇచ్చి వస్తాను. వాళ్ళు ఉందని చెప్పినా, లేదని చెప్పినా, సాయంత్రం బస్సు దిగి నేరుగా మీ ఆఫీసుకే వచ్చి ఈయన్ని ఇంటికి పిలుచుకొని పోతాను.