మీవారి పేరు చెప్పండమ్మా

కాకినాడ, 13-8-96

నాన్నగారికి అనసూయ నమస్కారాలు. అమ్మ మెడలోని థైరాయిడ్ గడ్డ నిన్న తీసేశారు. చెడ్డ గడ్డ కాదని డాక్టరుగారు మళ్లీ చెప్పారు, మీరు కంగారు పడకండి.

కంగారంతా నేనే పడ్డాను. గొంతు నరం ఆ గడ్డ పక్కనే ఉంటుందనీ, దానికి దెబ్బ తగిలితే మాట పోవచ్చనీ ముందే అన్నారుగా! అమ్మకి మెలకువ రాగానే డాక్టరుగారు "మీవారి పేరు చెప్పండమ్మా" అన్నారు. అమ్మ నోరు విప్పలేదు. మళ్లీ అడిగారు. కళ్లు దించుకుంది. ఆయన మొహంలో రంగు మారింది. మీ పేరు అమ్మ ఎన్నడూ పలకదన్న సంగతి ఆ క్షణాన నాకు తట్టనే లేదు. బావురుమన్నాను. నన్ను చూసి అమ్మ కళ్లు గట్టిగా మూసుకుని, బొంగురుగా "కామేశ్వర సోమయాజులు గారండీ" అంది. పెళ్లయిన ఇరవై ఆరేళ్లకి!

శనివారం ఇంటికి పంపుతారట. కొత్తపేటలో తొలి బస్సుకే బయల్దేరండి. అమ్మ మెత్తటి నేతచీర తెండి. ఆవకాయ జాడీకి వాసెన కట్టారా అని అడుగుతోంది.

పేరు సంగతి మీకు రాయనని నాచేత ఒట్టు వేయించుకుంది. తెలియనట్టే ఉండండి. రాసింది కార్డు మీద కదా, పోస్టుమాన్ ఈపాటికి చదివేసి ఉంటాడు, అతనికీ చెప్పి ఉంచండి.