బేసి గింజ

మార్చి 9, సోమవారం
ఉతికినవి: బట్టలు పద్దెనిమిది. ఇస్త్రీ: మీ బావ చొక్కాలు ఐదు. తుడిచినవి: కిటికీలు నాలుగు. మిగిలిన పని: నీకు నిజం చెప్పడం.

చెల్లీ,

ప్రొఫెసర్ గారు ఈ శుక్రవారం నీ పరిశోధన ఆపేయమంటారేమోనని నువ్వు రాసినప్పటినుంచి నాకు అన్నం సయించడం లేదు. నువ్వు పంపిన ఆరు మొక్కజొన్న కంకుల్లో నాలుగు ఒక మాట చెబితే, రెండు దాన్ని కాదన్నాయన్నావు. ఆ రెండూ చెప్పింది అబద్ధం. చెప్పించింది నేను.

నువ్వు ముందే విడమరిచి చెప్పావు. రెండు రకాల పుప్పొడి సమానంగా కలిపి చల్లావు. ఒక క్రోమోజోమ్ ఎక్కువ మోసే పుప్పొడి నుంచి ఊదా గింజ వస్తుంది, మామూలు దాన్నుంచి పసుపు గింజ. "గింజ కట్టే చోటు చేరడానికి రెండూ కంకి పీచు వెంట పరుగెత్తుతాయక్కా. కంకి మొదట్లో గింజలకు పీచు పొడుగు, కొసన పొట్టి. దూరం పెరిగితే బరువు మోసేది వెనకబడుతుందని నా నమ్మకం. అందుకే మొదలు సగం, కొస సగం వేరుగా ఒలిచి లెక్కపెట్టు" అన్నావు.

నాలుగు అలాగే చేశాను. మిగిలిన రెండూ ఒలిచేటప్పుడు మీ బావ తాళంచెవి పోయిందని ఇల్లంతా తిరుగుతున్నారు. చెవి ఆయన జేబులోనే ఉంది. ఆయనకు జవాబు చెబుతూ, అలవాటైన చేత్తో ఏ కంకికి ఆ కంకి మొదలూ కొసా కలిపి ఒలిచేశాను.

నీకు చెప్పడానికి నోరు రాలేదు. పెళ్లయ్యాక వంటింటి సామాను కాక ఇంకేదైనా లెక్కపెట్టమని నన్ను అడిగింది నువ్వొక్కదానివే. లెక్కలక్క కూడా తప్పిందా అని నవ్వుతావని భయపడ్డాను. పిల్లలకు పంచినట్టు ఏ రంగుకు ఆ రంగు చెరిసగం చేసి కవర్లలో పోశాను. ఒక పసుపు గింజ బేసి మిగిలింది. ఎటు వేయాలో తెలియక సూదుల డబ్బాలో దాచాను. డబ్బా తెరిచినప్పుడల్లా ముందు అదే కనిపిస్తోంది.

ఈ ఉత్తరం ప్రొఫెసర్ గారికి చూపించు. నా పరువు పోయినా ఫరవాలేదు, నీ మూడు పంటల కష్టం పోకూడదు.

నీ అక్క

మార్చి 24, మంగళవారం
ఒలిచినవి: కంకులు రెండు. ఇంకే పనీ పెట్టుకోలేదు. వంట మీ బావ చేశారు. తినగలిగాం.

చెల్లీ,

నీ జవాబు చదివి రెండు రోజులు నీ మీద కోపంగా ఉన్నాను. "అక్కా, ఏ మొక్కైనా రెండు సగాల్లోనూ ఊదా యాభై ఎనిమిది, పసుపు ఎనభై నాలుగు అని పంచుతుందా? అబద్ధం కూడా ఇంత పొందిగ్గా ఆడేది నువ్వే. కవరు విప్పిన రోజే ఆ రెండూ పక్కన పెట్టాను. నువ్వే చెబుతావని చూశాను. చెప్పకపోయేసరికి శుక్రవారం గడువు కల్పించాను" అని రాశావు. అంటే నన్ను పస్తు పెట్టింది లేని గడువన్నమాట. సరే, నేనొకటి ఆడాను, నువ్వొకటి ఆడావు.

తప్పు తెలిశాక కూడా నువ్వు మళ్లీ రెండు కంకులు నాకే పంపావు. అది చూశాక కోపం నిలవలేదు.

ఈసారి నడుమ దారం కట్టాకే ఒలిచాను. ఒక కంకిలో మొదలు సగం: ఊదా ముప్ఫై ఒకటి, పసుపు నూట పన్నెండు. కొస సగం: ఊదా అరవై నాలుగు, పసుపు డెబ్బై ఆరు. రెండోదీ అదే దారి. నీ నమ్మకం నిజమే, బరువు మోసేది దూరం పడితే ఓడిపోతోంది. దగ్గరి దారిలో మాత్రం గట్టిగానే నిలబడుతోంది. ఎందుకో నాకు దాని మీదే జాలి.

సూదుల డబ్బాలోని గింజను ఈ కాగితం అడుగున అంటించాను.

నీ అక్క

బాకీ: రెండు కంకులు, ఒక బేసి గింజ. తీరింది.