గుడ్లగూబ వచ్చిన రోజు

ప్రియమైన తమ్ముడికి,

నీ గుడ్లగూబను మా బడికి తేవడం కుదిరేలా లేదురా. పోయినసారి డేగను తెస్తే పిల్లలు నోళ్లు తెరుచుకుని చూశారు, నిజమే. ఇది వేరు. వీధి చివర బట్టలు కుట్టే ఆవిడ ఉందే, మా బడి పిల్లాడి తల్లి, ఆవిడ భర్త పోయే ముందురోజు ఈ పిట్టే కూసిందట. పాపం, ఆవిడ హడలిపోతుంది. బతుకుతెరువుకు ఎక్కడినుంచో వచ్చినవాళ్లు, వాళ్ల నమ్మకాలు వాళ్లవి. మనం చెబితే వింటారా?

ఆరోగ్యం చూసుకో,
అక్క

ప్రియమైన అక్కా,

మీ బడి కూడా వద్దంటే పిల్లలకు పక్షుల్ని చూపించే ఈ పని ఆపేస్తామని గాయపడిన పక్షుల్ని సాకే మా కేంద్రం పెద్దాయన తేల్చి చెప్పారు. నేను మళ్లీ బోనులు కడుక్కోవాలి. రెక్క విరిగిన ఈ పిట్టకు ఎగిరే బతుకు ఎలాగూ లేదు, పదిమందికి తెలిసే బతుకైనా ఉండనీ. ఎలుకల్ని తిని పంటను కాపాడుతుందని చెబుతాను. మూఢనమ్మకం దెబ్బకు వదులుతుంది.

మొండి తమ్ముడు

తమ్ముడూ,

మూఢనమ్మకం అని మొదలుపెట్టావో, ఎక్కడ వేసిన గొంగళి అక్కడే. ముందు వాళ్లను చెప్పనివ్వు, తర్వాత నీ ఎలుకల సంగతి. హెడ్మాస్టరుగారిని ఒప్పించాను, పిల్లల తల్లుల్నీ పిలుస్తారు. నాకు ఆరోజు పరీక్ష పేపర్లు దిద్దే పనుంది, రాలేను.

అక్క

అక్కా,

నువ్వు చెప్పినట్టే చేశాను. "మీ ఇళ్లలో దీని గురించి ఏమంటారు?" అని అడిగి నోరు మూసుకున్నాను. తల్లులు ఒకరి మాట మీద ఒకరు చెప్పారు. బట్టలు కుట్టే ఆవిడ లేచి, "ఇది చావు తెచ్చే పిట్ట కాదు సార్, కబురు ముందే తెచ్చే పిట్ట. నాకూ తెచ్చింది. నేనే చెవిన పెట్టలేదు" అంది. దగ్గరికొచ్చి దానితో తన భాషలో ఏదో చెప్పింది. అది తల మొత్తం వెనక్కి తిప్పేసరికి పిల్లలతోపాటు ఆవిడా నవ్వింది. ఆ తర్వాత ఎలుకల పాఠం అందరూ విన్నారు. మళ్లీ రమ్మన్నారు. నా పని నిలబడింది.

వెళ్లేముందు ఆవిడ, "మీ అక్కగారు ఏరీ? నేను భయపడతానని అందరితో అన్నారట, నన్నెవరూ అడగలేదే" అంది. పేపర్లేమీ లేవు, నువ్వు సెలవు పెట్టావని హెడ్మాస్టరుగారు చెప్పారు. భయం నీది, పేరు ఆవిడదా? నవ్వడానికి రాయలేదక్కా. ఏమైందో చెప్పు.

నీ తమ్ముడు

నాన్నా,

నువ్వప్పటికి చిన్నవాడివి. అమ్మ మంచాన ఉన్నప్పుడు ఒక గుడ్లగూబ మన పెరటి గోడ మీద వాలింది. తరిమేస్తే అమ్మ బతుకుతుందనుకుని చీపురు పుచ్చుకుని గొంతు పోయేలా అరిచాను. అది ఎగిరిపోయింది. తెల్లారేసరికి అమ్మా పోయింది. నాకు నమ్మకం లేదురా, భయమే ఉంది. పిల్లలకు పాఠం చెప్పేదాన్ని, ఆ మాట ఎవరితో అనను?

నిన్న బట్టలు కుట్టే ఆవిడ దగ్గరికి వెళ్లి క్షమించమన్నాను. ఆవిడ కుర్చీ లాగి కూర్చోబెట్టింది. సోమవారం నీ గుడ్లగూబను మా బడికి తీసుకురా. ఆవిడను నా పక్కన కూర్చోమని అడిగాను. సరేనంది.

అక్క