ఏ నెలలో ఓడెక్కాలి?

1955 జనవరి 1, శనివారం. ఉదయం 6-00

కొత్త డైరీ. కొత్త పెన్సిలు. కొత్త జీవితం!

నిన్నటితో రిటైరయ్యాను. కర్నూలు హైస్కూల్లో ముప్పై ఒక్క ఏళ్లు జాగ్రఫీ చెప్పాను. వీడ్కోలు సభలో తిమ్మయ్య మాస్టారంతటి వాడు లేడన్నారు. దండ వేశారు. ఇత్తడి తాళంతో పెద్ద ట్రంకు పెట్టె బహుమతి ఇచ్చారు. అంతవరకూ బాగానే ఉంది.

చివర్లో బందరాయన లేచాడు. మా ఇంటి ముందు వాటాలో అద్దెకుంటాడు. కర్నూలు రాజధాని అయినప్పటి నుంచీ ఊరంతా సెక్రటేరియట్ గుమాస్తాలే, మా వంతుకు ఈయన వచ్చాడు. నవ్వుతూ అడిగాడు:

"మాస్టారూ, ఇన్నేళ్లు పిల్లలకి సముద్రాలు చెప్పారు కదండీ! ఇంతకీ తమరు చూసిన సముద్రం ఏదండీ?"

ఏదీ లేదు. ఒక్కటీ చూడలేదు. సభంతా నా వైపే చూస్తోంది. "ఒడ్డున నిలబడి చూసేదేముందప్పా! ఈ ఏడే నా భార్యను తీసుకుని ఓడెక్కుతాండా. నడిసముద్రమే చూస్తా" అనేశాను. చప్పట్లు!

తీర్మానం: ఉగాదిలోగా రెండు సంగతులు తేల్చి బొంబాయి ఓడల కంపెనీకి టిక్కెట్ల కోసం జాబు రాయాలి. ఒకటి, ఏ సీజనులో పోవాలి. రెండు, ఏయే రేవుల్లో దిగాలి. అంతవరకూ ఒడ్డు నుంచి సముద్రం చూసేది లేదు. మొదటి చూపు ఓడ మీది నుంచే!

ఉదయం 6-40

కృష్ణవేణమ్మకు చెప్పాను. పెళ్లయిన కొత్తలో ఆమె "సముద్రం ఎట్లుంటాది?" అని అడిగితే, వంటింటి గోడ మీద నీలం సుద్దతో అలలు గీసి, "ఒక దినం చూపిస్తాలే" అన్నాను. ఆ గోడ వైపు చూస్తూ అంది:

"ఇరవై ఎనిమిది తూర్లు సున్నం కొట్టినాక గుర్తొచ్చిందా?"

కానీ సంతోషించింది. కాఫీలో చక్కెర ఎక్కువ వేసింది. ఈసారి మాట తప్పకూడదు.

జనవరి 9, ఆదివారం

పన్నెండు నెలలకు పట్టిక గీశాను. పెన్సిలుతోనే. సిరా అయితే తప్పు దిద్దుకోలేం. ఇంత పెద్ద ప్రయాణానికి దిద్దుకునే వీలుండాలి.

జూన్, జూలై, ఆగస్టు, సెప్టెంబరు: నైరుతి రుతుపవనాలు. అరేబియా సముద్రంలో ఇంటి ఎత్తు అలలు. కొట్టేశాను.

ఒక్క పూటలో నాలుగు నెలలు తేలిపోయాయి! ఈ లెక్కన వారంలో పని పూర్తి. ఆనందంతో రెండు జొన్నరొట్టెలు ఎక్కువ తిన్నాను.

జనవరి 18, మంగళవారం

వివరాలకని కార్డు రాస్తే ఓడల కంపెనీ వాళ్ల పుస్తకం వచ్చింది. రంగుల బొమ్మలు! రేవుల గురించి కృష్ణవేణమ్మకు చదివి వినిపించాను. ఆమె వేరుశనక్కాయలు ఒలుస్తూ వింది.

"ఏడెన్. చుట్టూ నల్లని రాతి గుట్టలు. వాన అరుదు. ఎండ మెండు. మంచినీటికి కటకట."

"ఇది కోడుమూరే గదా!" అంది. కోడుమూరు ఆమె పుట్టినూరు. "దానికి ఓడెందుకు? బస్సు చాలు."

"నేపుల్స్. ఊరి పక్కనే నిప్పులు కక్కే కొండ."

"ఈడ ఎండలు చాలవా నీకు?"

"సింగపూరు. ఏడాది పొడుగునా వానలు. ఇంచుమించు దినామూ ఒక జల్లు."

ఆమె చెయ్యి ఆగిపోయింది. "దినామూనా?"

"దినామూ."

"ఆ ఊరు మాత్రం వద్దు. పోతే తిరిగి రాబుద్ధి కాదు."

రేవులన్నీ కొట్టేశాను. సాయంత్రం ఏడెన్ ఒక్కటి రబ్బరుతో తుడిచి మళ్లీ చేర్చాను. పేరు బాగుంది.

జనవరి 27, గురువారం. ఉదయం 5-15

చలికాలం పనికొస్తుందా లేదా అని పరీక్ష. నడిసముద్రపు చలిని ఊహించుకుంటూ శాలువా లేకుండా పెరట్లో నిలబడ్డాను.

5-25. తుమ్ము.

5-26 నుంచి 5-40 దాకా తుమ్ములు పదకొండు. బందరాయన కిటికీలోంచి "నిండు నూరేళ్లండీ మాస్టారూ" అన్నాడు.

డిసెంబరు, జనవరి: కొట్టేశాను. మిరియాల కషాయం తాగాను.

ఫిబ్రవరి 6, ఆదివారం

ఓడ ప్రయాణంలో కడుపు తిప్పుతుందని పుస్తకంలో రాశారు. సాధన కోసం ఇద్దరం తుంగభద్రకు పోయాం. ఏట్లో ఎక్కువ భాగం ఇసుకే. ఒక చోట మాత్రం మడుగు ఉంది. పుట్టి నడిపే ఉరుకుందప్పను బతిమాలాను. పుట్టి అంటే తోలు తొడిగిన గుండ్రని బుట్ట, అంతకన్నా ఏమీ కాదు. అది ముందుకు పోవడం కంటే చుట్టూ తిరగడం ఎక్కువ.

"ఓడ ఊగినట్ల ఊపప్పా" అన్నాను.

"నేను ఓడ యాడ చూసినా సామీ? నాకు తెలిసినట్ల తిప్పుతా" అన్నాడు.

తిప్పాడు.

మూడో చుట్టులో కళ్లు మూసుకున్నాను. అయిదో చుట్టులో, రాయకూడదు కానీ, పొద్దున తిన్న ఉగ్గాణి అంతా తుంగభద్ర పాలైంది. కృష్ణవేణమ్మ ఎదురుగా కూర్చుని నిమ్మళంగా బొరుగులు తింటోంది. "ఇంకో చుట్టు తిప్పు నాయనా, బాగుండాది" అంది ఉరుకుందప్పతో!

మడుగులో మోకాలు దాటి నీళ్లు లేవని దిగాక తెలిసింది. మరి నాకు గుండెలెందుకు అంత కొట్టుకున్నాయో! తిన్నది పడకే అయ్యుంటుంది.

ఫిబ్రవరి 20, ఆదివారం

బందరాయన అరుగు మీద కూర్చుని వాళ్ల వైపు తుపాను సంగతులు గంటన్నర చెప్పాడు. తాటిచెట్లు నేలకు వంగుతాయట. ఇంటికప్పు లేచిపోయి పక్కూళ్లో దొరికిందట. అడిగినదానికంటే ఎక్కువే చెప్పాడు.

అక్టోబరు, నవంబరు: కొట్టేశాను. రెండుసార్లు గట్టిగా కొట్టేశాను.

"అంత దూరం వద్దులే" అంది కృష్ణవేణమ్మ. "మద్రాసుకు పోయి ఒడ్డున నిలబడి చూసొస్తే కాదా?"

ఒడ్డున! బందరాయన ముందు నా పరువేం కావాలి? "చూస్తే ఓడ మీది నుంచే" అన్నాను. కాఫీలో చక్కెర మామూలుకు వచ్చింది.

మార్చి 8, మంగళవారం

ఏప్రిల్, మే మీద చర్చ. ఎర్రసముద్రంలో ఎండలు మహా దారుణమట. అయినా కర్నూలు వాళ్లం, ఎండకు భయపడతామా అనుకున్నాను. కానీ ఏప్రిల్ సగం నుంచే బనగానపల్లె నుంచి మా బావమరిది గోపన్న మామిడిపండ్ల బుట్టలు పంపిస్తాడు. మేము ఓడలో ఉంటే ఆ బుట్టలు ఎవరు దించుకుంటారు? బందరాయన!

ఏప్రిల్, మే: కొట్టేశాను. జూన్‌ను ఇంకోసారి కొట్టేశాను.

మార్చి 21, సోమవారం. ఉదయం 9-30

తేలింది! తేలింది!! పన్నెండు నెలలు వడగట్టి, ఫిబ్రవరి మొదట్లో చలీ మార్చి చివర ఎండా తీసేయగా మిగిలిన అమృత ఘడియలు ఇవే: ఫిబ్రవరి 20 నుంచి మార్చి 20 వరకు. చలి లేదు, ఎండ లేదు, తుపాను లేదు, మామిడి లేదు. ఇంతకన్నా మంచి సీజను భూగోళం మీద లేదు!

9-45

ఈరోజు మార్చి 21.

మార్చి 26, శనివారం

ఉగాది వచ్చింది, పోయింది. గడువు పొడిగించాను. ఓడల కంపెనీలో ఉగాది లేదు కదా.

సున్నం కొట్టించాను. ఇరవై తొమ్మిదోసారి. కృష్ణవేణమ్మ గోడ వైపు చూసింది, నా వైపు చూసింది, ఏమీ అనలేదు. ఆమె ఏమీ అనకపోతే నాకు దిగులుగా ఉంటుంది.

ఏప్రిల్ 2, శనివారం

అట్లాసు ముందేసుకుని బొంబాయి నుంచి ఏడెన్‌కు దారం పెట్టి కొలుస్తున్నాను. సన్నని పని. దారం జారితే మళ్లీ మొదటికొస్తుంది. సరిగ్గా అప్పుడే కృష్ణవేణమ్మ వచ్చి ఏదో చెప్పింది. కడపలో ఉన్న వాళ్లక్క సిద్దమ్మ రమ్మందట. ఒంటిమిట్టలో రాములవారి కల్యాణమట. ఆ తర్వాత రైలు గురించి కూడా ఏదో అడిగింది. దారం చివర పళ్లతో పట్టుకుని ఉన్నాను. "ఊ" అన్నాను.

మధ్యాహ్నం బస్సుకు వెళ్లింది. కొత్త ట్రంకు తీసుకుపోయింది. కల్యాణానికి అంత పెట్టె ఎందుకో!

ఏప్రిల్ 6, బుధవారం

ఒంటి వంట.
పొద్దున: ఉగ్గాణి. ఉప్పు లేదు.
మధ్యాహ్నం: అన్నం. మాడింది.
సాయంత్రం: బొరుగులు. వీటికి నా చెయ్యి తగల్లేదు కాబట్టి బాగున్నాయి.

దారంతో ఏడెన్ నాలుగుసార్లు కొలిచాను. నాలుగు లెక్కలు వచ్చాయి. ఇంట్లో ఎవరూ లేకుంటే దారం కూడా మాట వినదు.

ఏప్రిల్ 11, సోమవారం. ఉదయం 10-20

పోస్టు జవాను కార్డును ముందు వాటాలో ఇచ్చిపోయాడు. బందరాయన దాన్ని పట్టుకుని, చదువుతూనే లోపలికి వచ్చాడు.

"మాస్టారూ! అమ్మగారు చూసేశారండీ!"

కార్డులో ఉన్నది ఉన్నట్టు: "కల్యాణం అయినాక నేనూ అక్కా ఒంటిమిట్టలోనే రైలెక్కి మద్రాసుకు వచ్చినాము. నిన్న పొద్దున ఒక తూరి, సాయంకాలం ఒక తూరి సముద్రం చూసినాము. అడిగితే ఊ అన్నావు కదా. పెరుగు తోడు పెట్టుకో. కృష్ణవేణమ్మ."

10-30. డైరీ తిరగేశాను. ఏప్రిల్ 2. "ఊ" అన్నాను. నా చేతి రాతే.

11-00. కోపం వచ్చింది. ఈ ఎండలోనా పోవడం? ఏప్రిల్ కొట్టేసిన నెల! పట్టిక చూసుకోవద్దా?

11-30. కోపం పోయింది. ఏడుపు వచ్చింది. ముప్పై ఒక్క ఏళ్లు పాఠం చెప్పినవాణ్ని నేను. చూపిస్తానని గోడ మీద గీసినవాణ్ని నేను. ఆమె మొదటిసారి సముద్రం చూసినప్పుడు పక్కన నేను లేను. అట్లాసు ముందు, దారం నోట్లో పెట్టుకుని కూర్చున్నాను. ఈ నెల కాకపోతే ఇంకో నెల వస్తుంది కానీ, ఆ మొదటి చూపు ఇక రాదు.

12-00. పెరుగు తోడు పెట్టాను.

ఏప్రిల్ 12, మంగళవారం. సాయంత్రం 5-00

వచ్చింది! మొహం కమిలిపోయి ఉంది. కళ్లు మాత్రం కొత్తగా ఉన్నాయి. ట్రంకు తెరిస్తే చీరల మధ్య గుడ్డ చుట్టిన మందు సీసా. నిండా నీళ్లు.

"నీకని పట్టుకొచ్చినా" అంది.

మూత తీసి వేలు ముంచి నాలుకకు రాసుకున్నాను.

ఉప్పు!

ప్రతి ఏడాదీ చెప్పాను. నూటికి మూడున్నర పాళ్లు. బల్ల మీద సుద్దతో రాశాను. తప్పు రాసినవాళ్లకు మార్కులు కొట్టేశాను. నాలుకకు తగలడం ఇదే మొదలు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అవీ ఉప్పే.

"ఎట్లుంటాది?" అని అడిగాను. ఇరవై ఎనిమిదేళ్ల కింద ఆమె అడిగిన మాట, ఇప్పుడు నేను.

"నిలబడి ఉంటే, అల వెనక్కి పోయేటప్పుడు కాళ్ల కింద ఇసక జారిపోతాది. సముద్రమే మనల్ని లాక్కుపోతాండాదని అనిపిస్తాది. నీ పుస్తకాల్లో అది యాడన్నా ఉండాదా?"

లేదు. ఎక్కడా లేదు.

"నేను అక్క చెయ్యి గట్టిగా పట్టుకున్నా. శానా బాగుండె. అయినా నువ్వు లేవే అని బాధ" అంది. తర్వాత నన్ను తేరిపార చూసి అడిగింది: "నిజం చెప్పు. నీకు భయమా?"

"భయమేంటికి!" అన్నాను.

ఉంది. మోకాలి లోతు మడుగులోనే కళ్లు మూసుకున్నవాణ్ని. నెలలన్నీ కొట్టేసింది పెన్సిలు కాదు, నా భయం. పొయ్యి దగ్గరికి పోయి, ఆమె వీపు వైపు నిలబడి ఆ మాట చెప్పాను.

ఆమె తిరగలేదు. "చెయ్యి నేను పట్టుకుంటాలే" అంది.

ఏప్రిల్ 13, బుధవారం. ఉదయం 6-00

కొత్త పేజీ. కొత్త తీర్మానం. ఈసారి తిరుగులేదు!

మద్రాసు. ఒడ్డు. ఇద్దరం. రేవు ఒక్కటే కాబట్టి రేవుల బాధ లేదు. సీజను మాత్రం కొంచెం ఆలోచించాలి. ఏప్రిల్‌లో ఎండ, మేలో మామిడి, జూన్‌లో

6-20

కృష్ణవేణమ్మ పెన్సిలు లాగేసుకుంది. ట్రంకులో పడేసి తాళం వేసి, తాళంచెవి కొంగున ముడేసుకుంది. సిరాబుడ్డీ కలమూ నా ముందు పెట్టింది. "ఇప్పుడు రాయి" అంది. పక్కనే నిలబడి చూస్తోంది. కాబట్టి సిరాతో రాస్తున్నాను:

శనివారం పొద్దున కడప బస్సు. అక్కణ్నుంచి మద్రాసు రైలు.

6-25

బందరాయనకు ముందే చెప్పేశాను, మళ్లీ సాకు దొరక్కుండా. "ఒడ్డు నుంచే చూస్తానప్పా, ఓడ కాదు" అన్నాను. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. "అల వచ్చేటప్పుడు పంచె పైకి పట్టుకోండి మాస్టారూ" అన్నాడు.

సిరా ఆరేదాకా ఊదుతూ కూర్చున్నాను. అలలు పొద్దున చూడాలా, సాయంత్రం చూడాలా అన్నది మిగిలింది. అది రైల్లో తేల్చుకోవచ్చు.