పరీక్ష నేనే రాశాను

సరళక్కా,

నువ్వు పోయాక, "కండ్లు లేని పిల్లకు ఇంగ పాఠాలు చదివి వినిపించేదెవురు? చాలించండి" అన్నారు అందరూ. నేను మానలేదక్కా. తెర మీది అక్షరాలను చెవిలో చదివే స్క్రీన్ రీడర్‌తో ప్రోగ్రామింగ్ నేర్చుకున్నాను.

ఈరోజు పరీక్ష అయింది. "నీకు రాసిపెట్టేదెవరమ్మా?" అన్నారు సారు.

"నేనే రాస్తా సార్."

మొదట ప్రోగ్రాం నడవలేదు. ఒక్కో వరుసా మళ్లీ విన్నాను. ఒకచోట బ్రాకెట్ మూయడం మరిచిపోయానని తెలిసింది. మూసి నడిపితే సరైన జవాబు చెవిలో పలికింది! లేచి అరవాలనిపించింది.

ముదిగుబ్బ బస్సులో అమ్మను ఆపలేకపోయాను. "ఏమప్పా కండక్టరూ, మా చిన్నది కంప్యూటర్ పరీక్ష తానే రాసినాది! దీనికి చదువు చెప్పినది ఎవురనుకున్నావ్? మా పెద్ద కూతురు!"

నువ్వు పోయాక అమ్మ నీ గురించి నవ్వుతూ మాట్లాడడం ఇదే మొదటిసారి.